అక్కాతమ్ముళ్లను తెచ్చుకుని మూడు నెలలైంది, ఇంకా దగ్గర కావట్లేదు: దత్తత తీసుకోవాలా, ఆగాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ. మీ ఆడపడుచు, ఆమె భర్త బండి మీద వెళ్తుండగా లారీ గుద్ది చనిపోయారు. 11 ఏళ్ల పాప, 6 ఏళ్ల బాబు మూడు నెలలుగా మీ ఇంట్లోనే ఉంటున్నారు. మీకు 12 ఏళ్ల కొడుకున్నాడు. పాప ఏడవదు, ఏమడిగినా "ఏం వద్దత్తా" అంటుంది, మిమ్మల్ని ముట్టుకోనివ్వదు, తమ్ముడి పనులన్నీ తనే చేస్తుంది. దిండు కింద బిస్కెట్లు, చపాతీ ముక్కలు దొరుకుతున్నాయి. బాబు పక్క తడుపుతున్నాడు, అమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడు. నానమ్మ వాళ్లేమో "మనవణ్ణి మాకివ్వండి, పిల్లని మీరుంచుకోండి" అంటున్నారు. దత్తత చేసుకుంటే ఇవన్నీ సర్దుకుంటాయా అని అడిగారు.

సర్దుకోవు. దత్తత కాగితం పెద్దవాళ్ల మనసు కుదుటపరుస్తుందేమో గానీ, పిల్లల భయం దానితో పోదు. కనీసం ఏడాది ఆగండి. ఇప్పుడు చేయాల్సినవి వేరే మూడున్నాయి. పిల్లలిద్దరినీ ఒక్క చోటే ఉంచండి. పాప చేతిలోంచి తమ్ముణ్ణి లాక్కోకుండా, ఆమె మీదున్న బరువు మాత్రం కొంచెం కొంచెంగా దించండి. ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు నష్టపరిహారం క్లెయిమ్ వేయండి. మొదటి రెండూ నెమ్మదిగా జరిగేవి. మూడోదానికి గడువుంది, మీకు మిగిలింది మూడు నెలలే, దాని సంగతి చివర్లో వివరంగా రాస్తాను.

మీరు చెప్పిన లక్షణాల్లో వింత ఏదీ లేదు. నిజానికి మూడు నెలలకే ఈ పిల్లలు హాయిగా కలిసిపోయి నవ్వుతూ తిరుగుతున్నారని రాసి ఉంటే ఇంకొంచెం జాగ్రత్తగా చూడమనేవాణ్ణి.

పాప సంగతి ముందు

ఇలాంటి ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే: అత్త ప్రేమకొద్దీ "నువ్వింకా చిన్నపిల్లవే, వాణ్ణి నేను చూసుకుంటాలే" అని ఒక్కరోజులో అన్ని పనులూ తన చేతిలోకి తీసుకుంటుంది. పాపకు అది సాయంలా కనపడదు. అమ్మానాన్న పోయాక తనకు మిగిలింది తమ్ముడొక్కడే, వాడి పని చేస్తూ ఉండబట్టే ఆమె నిలబడి ఉంది. అది కూడా లాక్కుంటే ఇంకా బిగుసుకుపోతుంది, వాణ్ణి మీ దగ్గరికి రానివ్వదు. బాబు అక్క మొహం చూసే మిమ్మల్ని నమ్మాలా వద్దా తేల్చుకుంటాడు. అందుకని దారి పాప గుండానే ఉంది.

ఆమె తమ్ముడికి చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. లేపడం, స్నానం, తినిపించడం, హోంవర్కు, పడుకోబెట్టడం, రాత్రి బాత్రూమ్‌కి తీసుకెళ్లడం, తడిసిన దుప్పట్లు ఉతకడం, జ్వరమొస్తే చూసుకోవడం. ఈ లిస్టులోంచి ముందు తీసుకోవాల్సినవి రాత్రి పనులు, జబ్బు పనులు. ఎందుకంటే పాప నిద్ర చెడగొట్టేవి అవే. ఇద్దరినీ కూర్చోబెట్టి నేరుగా చెప్పండి: "రాత్రి బాబు లేస్తే నన్ను లేపాలి. దుప్పటి మార్చడం నా పని. నువ్వు పడుకో." చెప్పాక మీరు నిజంగానే లేవాలి. రెండుసార్లు పిలిచినా లేవకపోతే మూడోసారి ఆమె పిలవదు, ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా వినదు.

పగటి పనులు మెల్లగా. మొదటి రెండు వారాలు ఆమె చేస్తుంటే మీరు పక్కన నిలబడి తువ్వాలు అందించండి, సబ్బు అందించండి. తర్వాత స్నానం మీరు చేయించండి, బట్టలు ఆమె తీసి పెడుతుంది. రెండు మూడు నెలలకు ఆమెకు రెండు పనులు మిగిలితే చాలు, అవి ఎప్పటికీ ఆమెవే. బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లడం, పడుకునేముందు కథ చెప్పడం లాంటివి. అక్క చేసే పనులకూ అమ్మ చేసే పనులకూ మధ్య గీత అక్కడ గీయండి.

ఈలోపు ఆమెను అడిగి తెలుసుకోండి. "వాడికి పెరుగన్నంలోకి ఏముంటే తింటాడు?", "జ్వరమొస్తే అమ్మ ఏం చేసేది?" అని. పాపకు తెలిసినంత మీకు తెలీదు, ఆ సంగతి ఒప్పుకున్నట్టు ఆమెకు తెలియాలి. బాబు ఎదురుగా ఆమె మాటను కొట్టేయకండి. ఆమె "ఈరోజు చల్లనీళ్లు వద్దు" అంటే, మీకు పర్లేదనిపించినా ఆ రోజుకు సరే అనండి.

భోజనానికి అందర్నీ ఒకేసారి కూర్చోబెట్టి ఆమె కంచం కూడా అప్పుడే వడ్డించండి. "తమ్ముడు తిన్నాక తింటా" అనే అలవాటు ఎవరూ గమనించకపోతే ఏళ్లపాటు ఉండిపోతుంది.

ముట్టుకోనివ్వట్లేదని బాధపడుతున్నారు. ఎదురుగా కూర్చోబెట్టుకుని "నాతో మనసు విప్పి మాట్లాడు తల్లీ" అనడం మానేయండి. పక్కపక్కన కూర్చుని చేసే పని ఏదైనా చూడండి: చిక్కుడుకాయలు ఒలవడం, బట్టలు మడతపెట్టడం. రోజుకు 20 నిమిషాలు, తమ్ముడు లేకుండా. మాటలు రావచ్చు, రాకపోవచ్చు. జడ విషయంలో "నేను వెయ్యనా, నువ్వే వేసుకుంటావా?" అని రోజూ అడగండి, వద్దంటే సరే అనండి. చాలా ఇళ్లలో అమ్మాయిలు పెద్దవాళ్లకు తల అప్పగించేది ముందు పేలు చూడమనో, ఆదివారం నూనె పెట్టమనో. కౌగిలింత చాలా తర్వాతి సంగతి.

తిండి దాచుకోవడం

"మేం పెట్టట్లేదా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అనే మాట నోట్లోంచి రానివ్వకండి. ఆకలి వల్ల దాచట్లేదు. ఒక్క రోజులో ఇల్లంతా మాయమైపోయిన పిల్ల, రేపటికి ఉంటుందో లేదోనని దాస్తోంది, అది కూడా ఎక్కువగా తమ్ముడి కోసం.

ఇద్దరికీ చెరొక మూతబిగువు డబ్బా కొని పేర్లు రాసివ్వండి. పల్లీ చిక్కీ, బిస్కెట్లు, మరమరాలు లాంటి పాడవని వస్తువులు వేయండి. ఆదివారం ఆదివారం ఖాళీ ఎంతైందో లెక్కపెట్టకుండా నింపేయండి. దిండు కింద చపాతీ దొరికితే చెప్పకుండా తీసేసి డబ్బాలో ఇంకేదైనా వేయండి. తిండి వేళలు స్థిరంగా ఉండాలి: పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, బడి నుంచి రాగానే ఏదైనా, రాత్రి 8 లోపు భోజనం. డబ్బా రోజుల తరబడి ముట్టుకోకుండా ఉంటే ఆ భయం తగ్గుతోందన్నమాట. కడుపు నొప్పి వచ్చేదాకా తినడం, తిని వాంతి చేసుకోవడం కనిపిస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి.

బాబు పక్క తడపడం

ఇంతకుముందు కనీసం ఆరు నెలలు పొడిగా పడుకుని ఇప్పుడు మళ్లీ మొదలైందంటే దిగులు వల్ల కావచ్చు. అయినా దిగులేనని మీరే తేల్చేయకండి. ముందు పిల్లల డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష, షుగరు పరీక్ష చేయించండి, మలబద్ధకం ఉందేమో చూడమనండి. బాబు విపరీతంగా నీళ్లు తాగుతూ బరువు తగ్గుతుంటే అదే రోజు తీసుకెళ్లాలి.

పరీక్షల్లో ఏమీ లేకపోతే ఇంట్లో చేయాల్సింది ఇది. పగలు నీళ్లు బాగా తాగనివ్వండి, పడుకునే ముందు రెండు గంటలు మాత్రం కొద్దిగానే. రాత్రి టీ, కూల్‌డ్రింకు వద్దు. పడుకునే గంటలో రెండుసార్లు బాత్రూమ్‌కి. పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద దుప్పటి, దాని మీద మళ్లీ రబ్బరు షీటు, మళ్లీ దుప్పటి. రాత్రి తడిస్తే పై జత లాగేస్తే చాలు, రెండు నిమిషాల పని. బాత్రూమ్ దాకా చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. పొద్దున తడి దుప్పటి బకెట్లో వేయడం వాడే చేయవచ్చు, శిక్షలా కాకుండా పళ్లు తోముకున్నట్టు. మీ అబ్బాయి గానీ పక్కింటివాళ్లు గానీ ఎగతాళి చేయకూడదు, దీనికి మాత్రం ఇంట్లో గట్టిగా ఉండండి. మందులు డాక్టరు రాస్తేనే.

పడుకోవడం గురించి ఒక మాట. బాబుని మీ మంచం మీదికి మార్చాలనిపిస్తుంది. మొదటి ఏడాది ఇద్దరినీ ఒకే గదిలో, పక్కపక్కనే పడుకోనివ్వండి. మీ అబ్బాయి వేరే గదిలో. పాపకు బట్టలు మార్చుకునేందుకు చోటు, బాత్రూమ్‌కి సరిగా పడే గడియ ఉన్నాయో లేదో చూడండి. 11 ఏళ్లు కదా, నెలసరి గురించి అది రాకముందే మీరు చెప్పాలి, ప్యాడ్లు ఎక్కడ పెట్టారో చూపించాలి. పెద్దమనిషైతే ఫంక్షన్ చేయాలా అన్నది చుట్టాల్ని కాదు, ఆమెను అడగండి. తల్లి లేని లోటు ఆరోజు తెలిసినంత ఇంకెప్పుడూ తెలీదు.

"అమ్మ ఎప్పుడొస్తుంది?"

ఎవరో బాబుకు ఊరెళ్లారనో, దేవుడి దగ్గరికి వెళ్లారనో చెప్పి ఉంటారు. ఆరేళ్లవాడు మాటను మాటలాగే పట్టుకుంటాడు. ఊరెళ్తే తిరిగి రావాలి. నిద్రపోయారంటే తనూ నిద్రపోవడానికి భయపడతాడు. దేవుడు తీసుకెళ్లాడంటే అక్కను కూడా తీసుకెళ్తాడేమోనని గుడికి రావడానికే భయపడే పిల్లలున్నారు.

అక్కను పక్కన పెట్టుకుని, మీ వారూ మీరూ ఇద్దరూ కూర్చుని, ఈ నాలుగు మాటలు చెప్పండి: "అమ్మా నాన్నా ప్రమాదంలో చనిపోయారు. చనిపోవడమంటే ఒళ్లు పనిచేయడం ఆగిపోవడం, వాళ్లకి నొప్పి తెలీదు. మళ్లీ రారు. నువ్వు చేసిన దేనివల్లా ఇది జరగలేదు." నాలుగో మాట వదిలేయకండి. అల్లరి చేశాననో, బొమ్మ కావాలని ఏడ్చాననో తన వల్లే జరిగిందని ఈ వయసు పిల్లలు అనుకుంటారు, పైకి చెప్పరు. పాపకు కూడా అదే వర్తిస్తుంది. పైగా ఇన్నాళ్లూ తమ్ముడి ముందు ఆ అబద్ధాన్ని ఆమె ఒంటరిగా మోస్తోంది.

వాడు రేపు మళ్లీ అదే అడుగుతాడు, ఎల్లుండి కూడా. విసుక్కోకుండా అవే మాటల్లో చెప్పండి. ఐదు నిమిషాలు ఏడ్చి వెంటనే ఆడుకోవడానికి పరుగెత్తితే "వీడికేం తెలియట్లేదు" అనుకోవద్దు, ఆ వయసులో దుఃఖం అలాగే వస్తూ పోతూ ఉంటుంది.

దండ వేసిన ఫొటో గోడమీద ఎంత ఎత్తున ఉన్నా, పిల్లలకు అందే చోట ఒక ఆల్బమ్ ఉండాలి. వాళ్లమ్మ చీర ఒకటి ఉతక్కుండా ఇవ్వండి. ఫోన్లలో ఉన్న ఫొటోలు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి రెండు కాపీలు పెట్టండి. ఫోను పాడైతే ఆ గొంతు మళ్లీ దొరకదు. మాసికాలకూ సంవత్సరీకానికీ పిల్లల్ని కూర్చోబెట్టాలనుకుంటే ఏం జరుగుతుందో ముందురోజే చెప్పి, మధ్యలో లేచి వెళ్లాలంటే వెళ్లొచ్చని కూడా చెప్పండి.

నమ్మకం రోజువారీ పనుల్లో

ఈ పిల్లలకు తెలిసిన నిజం ఒకటే: బండి మీద బయటికి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. మీ వారు హెల్మెట్ లేకుండా బయల్దేరినా, ఏడింటికి వస్తానని ఎనిమిదింటికి వచ్చినా పాప ఆ గంటంతా లోపల ఏమవుతోందో ఊహించండి. చేరాక ఒక ఫోను, ఆలస్యమైతే ఆ ఏడు గంటలకే ఒక ఫోను. ఇది నియమంగా పెట్టుకోండి. ఫ్రిజ్ మీద క్యాలెండరులో ఎవరు ఎప్పుడు ఎక్కడికి వెళ్తారో, బడి నుంచి ఎవరు తీసుకొస్తారో రాసి పెట్టండి. మారితే ముందు చెప్పండి.

"మాకేం కాదు, మేమెప్పుడూ ఉంటాం" అనకండి. వాళ్లమ్మ కూడా అలాగే ఉంటుందనుకున్నారు కదా. దానికి బదులు, మీకేమైనా అయితే ముగ్గురు పిల్లల్నీ కలిపి చూసుకునే మనిషితో నిజంగానే మాట్లాడి, ఆ పేరు పాపకు చెప్పండి. పెద్దవాళ్లకు ఇది అపశకునంలా అనిపిస్తుంది, ఆమెకు మాత్రం రాత్రి నిద్ర పడుతుంది.

కొన్నాళ్లకు నిశ్శబ్దం పోయి అరుపులు మొదలవుతాయి. వస్తువులు విసరడం, "నువ్వు మా అమ్మవి కాదు" అనడం. పరిస్థితి చెడిందని కంగారుపడొద్దు. తోసేసినా పంపించరన్న ధైర్యం కొంచెం వచ్చాకే పిల్లలు ఇలా పరీక్షిస్తారు. "కాదు, అత్తనే. అయినా పళ్లు తోముకోవాల్సిందే" అనేస్తే సరిపోతుంది. అమ్మా నాన్నా అని పిలవమని అడగొద్దు, అత్త, మామయ్య అన్న పిలుపులు చాలు. చెయ్యి ఎత్తొద్దు. ఇంకా ముఖ్యంగా, "మాట వినకపోతే హాస్టల్లో వేస్తా", "నానమ్మ దగ్గరికి పంపించేస్తా" అన్న మాటలు సరదాకి కూడా ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. మూడు నెలలు కష్టపడి కూడబెట్టిందంతా ఆ ఒక్క మాటకు పోతుంది.

బడిలో ఒక్క క్లాస్ టీచరుకు మాత్రం విషయం చెప్పండి, క్లాసంతటికీ చెప్పొద్దని కూడా చెప్పండి. "నా కుటుంబం" వ్యాసం, డైరీలో అమ్మ సంతకం లాంటివి వచ్చినప్పుడు ఆవిడ చూసుకుంటుంది. ఈ ఏడాది మార్కులు తగ్గుతాయి, వదిలేయండి. పాత బడి నుంచి టీసీ రావడం ఆలస్యమైతే, ఆ కారణంతో ఎనిమిదో తరగతి లోపు చేరిక ఆపడానికి లేదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతుంది.

మీ అబ్బాయి, చుట్టాలు

"పాపం వాళ్లకి అమ్మానాన్న లేరు, నువ్వే సర్దుకో" అని వారానికి నాలుగుసార్లు అంటే మీవాడికి వాళ్లమీద కోపం రాక ఏమొస్తుంది? వాడి గది, సైకిలు, వస్తువులు వాడినడక్కుండా పంచొద్దు. వారంలో ఒక గంట వాడితో మీలో ఒకరు విడిగా గడపండి. పండుగ బట్టలు ముగ్గురికీ ఒకే ధరలో. తప్పు చేస్తే ముగ్గురికీ ఒకే రూలు, జాలితో వదిలేస్తే వాళ్లు పరాయివాళ్లని మీరే చెప్పినట్టవుతుంది.

ఇక మేనరికం మాట. మీ ఇంట్లో 12 ఏళ్ల అబ్బాయి, 11 ఏళ్ల మేనకోడలు ఉన్నారు కాబట్టి "ఇంట్లోనే పెరుగుతోంది, కోడలు వెతుక్కోనక్కర్లేదు" అని ఎవరో ఒకరు నవ్వుతూ అంటారు, ఈపాటికే అని ఉంటారు. ఆ మాట మొదటిసారే ఆపేయండి, పిల్లల ముందే ఆపండి. అది విన్న అమ్మాయికి ఆ ఇల్లు సొంతిల్లులా అనిపించడం మానేస్తుంది, తనను ఎందుకు ఉంచుకున్నారో అనే అనుమానం మొదలవుతుంది. మీ అబ్బాయి పక్కన కూర్చుని టీవీ చూడ్డానికి కూడా ముడుచుకుపోతుంది. మీ వారే చెప్పాలి: "మా ఇంట్లో ఈ మాట అనొద్దు, ముగ్గురూ మా పిల్లలే." ఒకరిద్దరు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి.

నానమ్మ వాళ్లతో

బాబుని ఇవ్వొద్దు, వాళ్లను దూరం కూడా చేయొద్దు. వాళ్లకూ కొడుకు పోయాడు. "వాడొక్కడే మిగిలాడు" అన్నది వాళ్ల బాధ. నెలలో ఒక ఆదివారం ఫలానా అని ఖాయం చేయండి, వారానికొకసారి వీడియో కాల్, సెలవుల్లో పది రోజులు, ఎప్పుడైనా ఇద్దరు పిల్లలూ కలిసే. కోర్టు దాకా వెళ్తే చూసేది పిల్లల క్షేమమే. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఊహ తెలిసిన పిల్లల ఇష్టాన్ని కూడా కోర్టు పరిగణించవచ్చు. అమ్మాయిని పక్కన పెట్టి అబ్బాయిని మాత్రమే అడిగేవాళ్ల వాదన అక్కడ బలహీనంగా ఉంటుంది. పాపను కస్తూర్బా విద్యాలయంలో వేయమని కూడా ఎవరైనా సలహా ఇస్తారు, అనాథ బాలికలకు అక్కడ ప్రాధాన్యం ఉంది. చూసే దిక్కు లేని పిల్లకు అది మంచి దారి. మీ ఇంట్లో చోటుండగా ఈ ఏడాది తమ్ముడి నుంచి విడదీయడం మంచిది కాదు.

కాగితాలు, డబ్బు

ముందు గడువున్నది. సవరించిన మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల లోపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో క్లెయిమ్ వేయాలి. ప్రమాదం వేరే జిల్లాలో జరిగినా పిల్లలు ఇప్పుడు ఉంటున్న చోటే వేయొచ్చు. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, లారీ ఇన్సూరెన్సు వివరాలు, చనిపోయినవాళ్ల ఆదాయ రుజువులు కావాలి. లారీ దొరక్కపోతే గుద్ది పారిపోయిన కేసుల పథకం కింద ఒక్కో మరణానికి 2 లక్షలు వస్తాయి. బండి పిల్లల నాన్న పేరుమీద ఉండి, నడిపింది ఆయనే అయి, లైసెన్సు ఉంటే, ఆయన బండి పాలసీలోనే 15 లక్షల ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా ఉందేమో చూడండి. చాలామంది లారీ బీమా వెంటపడి దీన్ని మర్చిపోతారు.

ఇద్దరి బ్యాంకు పాస్‌బుక్కులూ ఎంట్రీ వేయించి వరసగా చూడండి. ఏడాదికోసారి 436 రూపాయలు కట్ అయితే జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలు కట్ అయితే సురక్షా బీమా, చెరి 2 లక్షలు. తెలంగాణలో పట్టా భూమి ఉన్న రైతైతే రైతు బీమా 5 లక్షలు ఉందేమో చూడండి. పీఎఫ్ ఉన్న ఉద్యోగమైతే పీఎఫ్ సొమ్ముతో పాటు, ఆ ఖాతాకు అనుబంధంగా ఉండే ఈడీఎల్ఐ జీవిత బీమా (గరిష్ఠంగా 7 లక్షలు), పిల్లలిద్దరికీ అనాథ పెన్షన్ ఉంటాయి. ఆ పెన్షన్ ఒక్కొక్కరికీ వితంతు పెన్షన్‌లో 75 శాతం చొప్పున, నెలకు కనీసం 750 రూపాయలు, 25 ఏళ్లు వచ్చేదాకా. చనిపోయినవాళ్ల ఏటీఎం కార్డుతో గానీ ఫోన్‌పేతో గానీ డబ్బు తీయకండి, మంచి ఉద్దేశంతో తీసినా రేపు అది మీ మీద ఆరోపణ అవుతుంది. వాళ్ల సిమ్ములు మాత్రం క్లెయిములు తేలేదాకా రీఛార్జి చేస్తూ ఉండండి.

ఆస్తి విషయంలో గొడవ రాకుండా ఒక సంగతి తెలుసుకోండి. వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో పిల్లలతో పాటు ఆయన తల్లికి, అంటే ఆ నానమ్మకు, సమాన వాటా ఉంది. మీ ఆడపడుచు సొంత ఆస్తి, పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం లాంటిది, పిల్లలిద్దరికే వస్తుంది. బంగారం రెండు వైపుల పెద్దల ఎదుట తూకం వేసి, ఫొటోలు తీసి, లిస్టు రెండు కాపీలు రాసి సంతకాలతో లాకర్లో పెట్టండి.

మేనమామ ఎంత దగ్గరవాడైనా చట్టం దృష్టిలో సహజ సంరక్షకుడు కాడు. పెంచుతున్నంత మాత్రాన పిల్లల ఆస్తి అమ్మే హక్కు రాదు. అందుకే మీ వారిని పిల్లల సంరక్షకుడిగా నియమించమని కోర్టులో గార్డియన్ పిటిషన్ వేయండి, దత్తతకు ముందు ఇదే. బ్యాంకులు, పీఎఫ్, పాస్‌పోర్టు అన్నిచోట్లా పని నడుస్తుంది, పిల్లల ఇంటిపేరు మారదు, నానమ్మ వాళ్లకూ తమ వంశం పోతోందన్న బాధ ఉండదు. గార్డియన్ అయ్యాక కూడా ఆస్తి అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా కోర్టు అనుమతి కావాలి.

దత్తతలో ఇంకో చిక్కు ఉంది. 1956 హిందూ దత్తత చట్టం ప్రకారం కొడుకున్నవాళ్లు ఇంకో కొడుకుని దత్తత తీసుకోకూడదు. అంటే మీరు ఆ చట్టం కింద పాపను తీసుకోగలరు, బాబును తీసుకోలేరు. నోటరీ దగ్గర కాగితం రాయించేస్తే చాలనేవాళ్ల మాట వినొద్దు, అది చెల్లదు. ఇద్దరినీ కలిపి తీసుకోవాలంటే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద బంధువుల దత్తత దారి ఉంది. మేనమామ ఆ చట్టం నిర్వచించిన బంధువుల్లో ఉన్నాడు. కేంద్ర దత్తత సంస్థ 'కారా' పోర్టల్లో నమోదు, జిల్లా బాలల పరిరక్షణ విభాగం విచారణ, బాలల సంక్షేమ సమితి అనుమతి, చివరికి కలెక్టర్ ఉత్తర్వు. ఐదేళ్లు దాటిన పిల్లల సమ్మతి కూడా అడుగుతారు. 18 ఏళ్ల లోపు ఎప్పుడైనా చేయొచ్చు కాబట్టి తొందర లేదు. దత్తత అయినా అమ్మానాన్నల నుంచి అప్పటికే వచ్చిన ఆస్తి వాళ్లదే.

మీ ఆదాయం తక్కువైతే కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 వస్తుంది. కుటుంబ ఆదాయం పల్లెలో ఏడాదికి 72,000, పట్టణంలో 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి

"నేనూ అమ్మ దగ్గరికి వెళ్లిపోతా" అని పాప అంటే తిట్టకుండా, ఏడవకుండా "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అమ్మను చూడాలని ఉందనడం వేరు, ఎలా చేయాలో ఆలోచించి ఉండటం వేరు. రెండోదైతే ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి. ఒంటిమీద కోసుకోవడం, వారాలపాటు సరిగా తినక బరువు తగ్గడం, లారీ హారన్ వింటే వణికిపోవడం, బడికి అసలు వెళ్లకపోవడం కూడా ఆగకుండా చూపించాల్సినవే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

లాయరు ఫీజు గురించి వెనకాడుతుంటే, పిల్లల తరఫున వేసే కేసులకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది, నంబరు 15100. వెళ్లేటప్పుడు ఇద్దరి మరణ ధ్రువపత్రాలు పది కాపీలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్లు, మీసేవ నుంచి గానీ సచివాలయం నుంచి గానీ తీసుకున్న కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఎఫ్ఐఆర్ కాపీ పట్టుకెళ్లండి. ముందు ట్రిబ్యునల్ క్లెయిమ్, ఆ వెంటనే గార్డియన్ పిటిషన్.